పాత వాకిలి మూయకుండా కొత్త పేరుకు మారినాను

2022 ఏప్రిల్ 4న మా జిల్లా విడిపోయింది. తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి కొత్త తిరుపతి జిల్లాలోకి వచ్చినాయి. మదనపల్లె, పీలేరు అన్నమయ్య జిల్లాలోకి పోయినాయి. కాణిపాకం, పలమనేరు, కుప్పం పాత చిత్తూరులోనే నిలిచినాయి. ఊరంతా ఇక కలెక్టరాఫీసుకు ఎక్కడికి పోవాలి, రిజిస్ట్రేషన్లు ఎక్కడ అని మాట్లాడుకుంటా ఉంటే, నాకు మాత్రం నా బ్లాగు పేరు, అంటే బ్రౌజరులో కొట్టే దాని వెబ్ చిరునామా, మనసులో మెదిలింది. 2011 నుంచి రాస్తా ఉన్నాను. పేరులో మొదటి మాటే చిత్తూరు. నేనుండేదేమో తిరుపతిలో, బైరాగిపట్టెడలో.

ఆ పేరుతో ఇబ్బంది మొదటి నుంచీ ఉండింది. చిత్తూరును ఇంగ్లిషు అక్షరాల్లో రాయమంటే ఒకరు రెండు టీలు పెడతారు, ఒకరు ఒక్కటే పెడతారు. చివర రెండు ఓలు పెట్టేవాళ్లు కొందరు, యూ పెట్టేవాళ్లు ఇంకొందరు. దానికి తోడు మధ్యలో అడ్డగీత. పెళ్లిలోనో పేరంటంలోనో ఎవరైనా "అక్కా, నీ బ్లాగు పేరు చెప్పు" అంటే నోటితో చెప్పలేక వాళ్ల ఫోను తీసుకొని నేనే కొట్టిచ్చేదాన్ని. అయినా మార్చడానికి రెండేళ్లు పట్టింది. కారణం భయమే. పదమూడేళ్లు ఒక పేరు మీద కూడిన మనుషులు, పేరు మారితే ఎట్లా వెతుక్కుంటా వస్తారు?

నేను రాసేది మా జిల్లా సంగతులు. గంగమ్మ జాతర, గుడిమల్లం, తలకోన, శ్రీకాళహస్తి కలంకారి, మా అవ్వ చేసే శెనక్కాయల ఊరిబిండి, రాగి సంగటి. చదివేవాళ్లలో సగం మంది బెంగళూరు, చెన్నైలలో ఉద్యోగాలకు పోయి స్థిరపడిన మా వైపువాళ్లు. తక్కినవాళ్లు గూగుల్‌లో వెతుకుతా వచ్చేవాళ్లు. వాళ్లు నా పేరు చూసి రారు, ఒక ప్రశ్న పట్టుకొని వస్తారు. జవాబు ఉన్న పేజీ వాళ్లకు దొరకాలి.

మొదట ఇక్కడ వెబ్‌సైట్లు చేసే ఒకతన్ని అడిగినాను. "పాత పేరును కొత్త హోమ్ పేజీకి ఫార్వర్డ్ పెట్టేస్తా మేడమ్, పది నిమిషాల పని" అన్నాడు. ఏ పేజీ అడిగినా హోమ్ పేజీకేనా అంటే, అంతే అన్నాడు. నాకది నచ్చలేదు. గుడిమల్లానికి దారి అడిగిన మనిషిని తీసుకొచ్చి తిరుపతి బస్టాండులో దింపి, ఇక్కడి నుంచి నువ్వే వెతుక్కో అన్నట్టు ఉంది ఆ పద్ధతి. తర్వాత తెలిసింది, గూగుల్ కూడా దాన్ని ఒప్పుకోదని. వందల పేజీలను ఒక్క హోమ్ పేజీకి మళ్లిస్తే ఆ పేజీలు లేనట్టే లెక్క కడుతుంది. అంటే పదమూడేళ్లలో ఒక్కో పేజీ తెచ్చుకున్న చోటు ఆ పది నిమిషాల్లో పోతుంది.

మా అక్క కొడుకు బెంగళూరులో సర్వర్ల పని చేస్తాడు. వాడికి ఫోన్ చేస్తే అన్నాడు: "చిన్నమ్మా, దేనికీ తొందర పడద్దు. మొదట లెక్క తియ్యి. నీ బ్లాగులో ఎన్ని పేజీలుండాయో నీకే తెలీదు."

నిజంగానే తెలీదు. ఒక లాంగ్ నోట్‌బుక్కు కొని కూర్చున్నాను. సైటులోని పేజీల పట్టీ ఉండే సైట్‌మ్యాప్ నుంచి ఒక జాబితా, గూగుల్‌లో మన సైటు ఎట్లా కనపడుతుందో చూపించే సెర్చ్ కన్సోల్ నుంచి ఇంకో జాబితా తీసినాను. రాసినవి 412. అవి కాక ఫోటోలకు విడిగా చిరునామాలు ఉంటాయి, వాటి మీద నుంచి కూడా జనం వస్తారని అప్పుడే చూసినాను. జాతర వేషాల ఫోటోల కోసం వెతికి వచ్చేవాళ్లు ఎంతమందో! అందరికంటే ఎక్కువ మందిని తెచ్చే నలభై పేజీలను చేత్తో రాసుకున్నాను. నేను కష్టపడి, పుస్తకాలు తిరగేసి రాసిన వ్యాసాలు ఆ నలభైలో రెండో మూడో ఉన్నాయి. మొదటి వరసలో ఊరిబిండి. రెండోది జాతర వేషాలు. మూడోది, 2013లో ఒక సాయంత్రం రాసి పడేసిన గుడిమల్లం దారి. పాపానాయుడుపేట దగ్గర ఎక్కడ మలుపు తిరగాలో, గుడి ఎప్పుడు తెరుస్తారో, అంతే ఉంది అందులో. దానికి బయటి నుంచి ఎన్నో సైట్లు లింకులు ఇచ్చి ఉన్నాయి. ఆ లింకులు నేను మార్చగలిగేవి కావు. అవి పాత చిరునామాకే వస్తానే ఉంటాయి, వాటికి పలికే బాధ్యత నాది.

ఇక ఎప్పుడు మార్చాలి? రద్దీ తక్కువ ఉన్న రోజుల్లో మార్చమని గూగుల్ చెప్తుంది. మా ఊళ్లో అట్లాంటి నెల ఏదో నాకు చాలాసేపు తేలలేదు. శివరాత్రికి శ్రీకాళహస్తి. మే నెలలో గంగమ్మ జాతర. జూన్‌లో మామిడి, తోతాపురి గురించి అడిగేవాళ్లు. వినాయక చవితి నుంచి కాణిపాకం బ్రహ్మోత్సవాలు. ఆ వెంటనే తిరుమల బ్రహ్మోత్సవాలు, తిరుచానూరు కార్తీక బ్రహ్మోత్సవాల్లో పంచమి తీర్థం, ఆ తర్వాత వైకుంఠ ఏకాదశి. క్యాలెండరు ముందర పెట్టుకొని గీతలు గీస్తే జులై రెండో సగం ఒక్కటే ఖాళీగా కనపడింది. 2024 జులై 21, ఆదివారం రాత్రి అని నిశ్చయించుకున్నాము.

కొత్త పేరు ఒక తెలుగు మాట, ఇంగ్లిషులో ఎవరు రాసినా ఒకే విధంగా వచ్చే మాట. ఊరి పేరు, జిల్లా పేరు ఏదీ లేదు అందులో. కొనే ముందు, సైట్ల పాత రూపాలను దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో చూసినాను, ఆ పేరు మీద ముందు ఎవరైనా ఏదైనా నడిపినారేమోనని. ఇదివరకు జూదం ప్రకటనలకో దొంగ సరుకులకో వాడిన పేరయితే ఆ మచ్చ మనకు అంటుకునే ప్రమాదం ఉంది. అదృష్టానికి ఖాళీగా ఉండింది. కొన్నాక సెర్చ్ కన్సోల్‌లో చేర్చి, దాని మీద గూగుల్ తీసుకున్న చర్య ఏదీ లేదని కూడా చూసుకున్నాను.

ఇంకో ఆశ పుట్టింది నాకు. ఎట్లాగూ మారుస్తా ఉన్నాము కదా, పేజీల చిరునామాలు కూడా సరిచేద్దామని. ఇది తెలుగులో రాసేవాళ్లకు బాగా తెలిసిన బాధ. నా బ్లాగును నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్, పేజీ చిరునామాకు 200 గుర్తుల చోటే ఇస్తుంది. ఒక్క తెలుగు అక్షరం కంప్యూటర్ లోపల మూడు బైట్లు, చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులు. అంటే "త" ఒక్కటికే తొమ్మిది. గుడి, కొమ్ము, వత్తు కలిపే పొల్లు, సున్న, ప్రతిదానికీ మళ్లీ తొమ్మిదేసి. "తిరుపతి" అన్న నాలుగక్షరాల మాట 63 తింటుంది. "తాతయ్యగుంట గంగమ్మ జాతర వేషాలు" అని నేను పెట్టిన శీర్షిక, జాతర వరకు వచ్చేసరికే 182 అయిపోయింది. ఆ తర్వాత అడ్డగీత ఒకటి, "వ" కు తొమ్మిది, మొత్తం 192. ఏత్వానికి చోటు లేదు. ఆ పేజీ చిరునామా పదేళ్లుగా "తాతయ్యగుంట-గంగమ్మ-జాతర-వ" అని సగంలో తెగి ఉంది. చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది.

"అది ఇప్పుడు ముట్టుకోవద్దు చిన్నమ్మా" అన్నాడు మా వాడు. "పేరూ మార్చి, పేజీల చిరునామాలూ మారిస్తే, రేపు జనం తగ్గినప్పుడు ఏది మార్చినందుకు తగ్గిందో ఎట్లా కనుక్కుంటావు? పేరు ఒక్కటి మారనీ. దాని వెనక ఉన్నది ఉన్నట్టు ఉండనీ." ఒప్పుకున్నాను. దానివల్ల ఇంకో మేలు, 412 పేజీలకు 412 మళ్లింపు రూళ్లు రాసే పని తప్పింది. పాత పేరు వెనక ఏ చిరునామా వచ్చినా, అదే తోకతో కొత్త పేరుకు పంపమని, సర్వరు చదివే హెచ్‌టీయాక్సెస్ అనే ఫైలులో ఒక్క రూలు చాలు.

ఆ ఒక్క రూలు దగ్గరే రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాము, వాడు వీడియో కాల్‌లో, నేనిక్కడ. మొదట 302 తో పెట్టి చూసినాము. 302 అంటే తాత్కాలికంగా మళ్లింపు, 301 అంటే శాశ్వతంగా. చివరికి కావల్సింది 301 అయినా, బ్రౌజర్లు 301 ని గుర్తుపెట్టుకుంటాయి. తప్పు రూలుకు 301 పెడితే, దిద్దినాక కూడా కొందరి ఫోన్లలో ఆ తప్పే కొన్నాళ్లు నడుస్తా ఉంటుంది. అందుకని ముందు 302 తో పరీక్ష. ఇంగ్లిషు అక్షరాల చిరునామా ఉన్న పేజీలు మూడు కొట్టినాము, చక్కగా పోయినాయి. "అయిపోయింది, పడుకో" అన్నాడు వాడు. నేను మాత్రం ఆ "జాతర-వ" పేజీ ఒకటి చూద్దామన్నాను.

తెరుచుకోలేదు. పేజీ లేదని వచ్చింది. పైన చిరునామాలో ప్రతి శాతం గుర్తు వెనకా కొత్తగా 25 అని అంకె చేరి ఉంది. వాడు రాసిన రూలు బ్రౌజర్ పంపిన ముడి చిరునామాను అట్లే తీసుకొంటా ఉంది. అందులో తెలుగు అక్షరాలు అప్పటికే శాతం గుర్తులుగా మారి ఉంటాయి. సర్వరు ఆ శాతం గుర్తునే మార్చాల్సిన అక్షరం అనుకొని ఇంకోసారి మార్చేసింది. ఇంగ్లిషు పేజీల్లో శాతం గుర్తే ఉండదు కాబట్టి ఈ తప్పు కనపడలేదు. నావి 412 లో మూడు వందల పైన తెలుగు చిరునామాలే. ఆ ఒక్క పేజీ చూడకుండా పడుకొని ఉంటే తెల్లారేసరికి అవన్నీ పోయినట్టే. మావాడు రూలును తిరగరాసినాడు, ముడి చిరునామా కాకుండా సర్వరు విప్పి చూసిన చిరునామా తీసుకొనేటట్టు. ఈసారి నోట్‌బుక్కులో ఉన్న నలభై పేజీలూ ఒక్కొక్కటే కొట్టి, పక్కన టిక్కు పెట్టినాను. అప్పుడు 302 తీసి 301 పెట్టినాము.

తక్కిన పనులు రెండు రోజుల్లో అయినాయి. పేజీల లోపల ఒకదానికొకటి ఇచ్చుకున్న లింకులు పాత పేరుతోనే ఉంటాయి కదా, డేటాబేసులో వాటిని కొత్త పేరుకు మార్చాలి. దీన్ని మామూలు ఫైండ్-రీప్లేస్‌తో చేయకూడదు. వర్డ్‌ప్రెస్ కొన్ని సెట్టింగులను వాటి పొడవు అంకెతో సహా దాచుకుంటుంది, పేరు పొడవు మారితే ఆ లెక్క తప్పి విడ్జెట్లు, అంటే పేజీ పక్కన కనపడే చిన్న పెట్టెలు, మాయమవుతాయి. అందుకోసమే ఉన్న బెటర్ సెర్చ్ రీప్లేస్ ప్లగిన్ వాడినాము. బయటికి ఇచ్చిన లింకులు కూడా అప్పుడే చూసుకున్నాను. 2024 జనవరిలో తితిదే తన అధికారిక వెబ్‌సైటు పేరును తిరుపతిబాలాజీ నుంచి టీటీదేవస్థానమ్స్‌కు మార్చింది. నా పేజీల్లో ఇరవై చోట్ల పాతదే ఉండింది. దర్శనం టికెట్ల కోసం వచ్చేవాళ్లకు దారి చూపే పేజీల్లో అది పాతబడి ఉండకూడదు. ఆ ఇరవై చేత్తో దిద్దినాను. కొత్త సైటు సిద్ధం చేసేటప్పుడు గూగుల్‌కు కనపడకుండా పెట్టిన టిక్కు తీసేయడం, కొత్త సైట్‌మ్యాప్ ఇవ్వడం, పాత పేరు మీది ఈమెయిలు ఆగకుండా చూసుకోవడం, ఇవి మామూలే.

గంగమ్మ జాతరకు ముందు ఊరి పొలిమేరల్లో చాటింపు వేస్తారు. ఆ చాటింపు పడితేనే జాతర మొదలైనట్టు. సెర్చ్ కన్సోల్‌లో ఛేంజ్ ఆఫ్ అడ్రస్ అనేది అట్లాంటి చాటింపు. పాత పేరు, కొత్త పేరు రెండూ మనవేనని ముందు రుజువు చేసుకొని ఉండాలి. పాత హోమ్ పేజీ 301 తో కొత్తదానికి పోతా ఉందో లేదో అదే పరీక్షించుకుంటుంది. ఆపైన 180 రోజులు గూగుల్ పాత పేరు కంటే కొత్త పేరుకు పెద్దపీట వేస్తుంది. 301 వల్ల పేజీకి ఉన్న విలువ కొంత తరిగిపోతుందని చాలామంది ఇప్పటికీ భయపెడతారు. అట్లా తరగదని గూగుల్‌లో పనిచేసే గ్యారీ ఇల్యేష్ 2016 జులైలోనే చెప్పినాడు. నేను దాన్ని పట్టుకొని ధైర్యం తెచ్చుకున్నాను.

ధైర్యం అవసరం కూడా పడింది. మొదటి వారం సెర్చ్ కన్సోల్‌లో పాత పేరు గీత కొండ దిగినట్టు దిగింది. కొత్త పేరు గీత సున్నా నుంచి మొదలవుతుంది, పాత చరిత్ర దానికి రాదు. విడివిడిగా చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. రెండింటినీ కలిపి రోజూ నోట్‌బుక్కులో కూడినాను. మారక ముందు రోజుకు 900 దాకా వచ్చేవాళ్లు. రెండో వారంలో 640 కి దిగింది. ఆ వారం అన్నం సయించలేదు. ఎవరికి చెప్పినా "బ్లాగే కదా" అంటారు. కానీ ఆ తగ్గిన 260 మంది నా ఊరి గురించి అడిగి, జవాబు దొరక్క ఇంకెక్కడికో పోయినవాళ్లు. నాకది చిన్న సంగతిగా తోచలేదు. ఏదో ఒకటి చేద్దామని చేతులు పీకినా ఏమీ ముట్టుకోలేదు. ఓ మాదిరి సైటులో ఎక్కువ పేజీలు కొత్త పేరుకు మారడానికి కొన్ని వారాలు పడుతుందని గూగుల్ ముందే చెప్పి ఉంది. ఆగస్టు చివరికి 800 దాటింది. వినాయక చవితి నాటికి, కాణిపాకం పేజీల పుణ్యమా అని, పాత లెక్కను అందుకుంది.

అయిపోయిందనుకున్నాను. అక్టోబరు 4న తిరుమలలో ధ్వజారోహణం అయింది, బ్రహ్మోత్సవాలు మొదలైనాయి. మరుసటి రోజు పొద్దున పలమనేరు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసినాడు, ఎప్పటి నుంచో నా రాతలు చదివేవాడు. "అమ్మా, వాహన సేవల పేజీ చూద్దామని తెరిస్తే ఎర్రగా ఏందో వస్తా ఉంది. మీ వివరాలు దొంగిలిస్తారు జాగ్రత్త అని రాసుండాది. మీ సైటుకు ఏమైనా అయిందా?" నేను తెరిస్తే బాగానే ఉంది. ఆయన పాత పేరుతో దాచుకున్న లింకు నొక్కినాడు. అదే లింకు నేనూ నొక్కితే నాకూ ఆ ఎర్ర హెచ్చరికే వచ్చింది.

పాత పేరు భద్రతా సర్టిఫికెట్‌కు, అంటే ఈ సైటు నమ్మదగినదేనని బ్రౌజరుకు చూపే రుజువుకు, గడువు తీరిపోయింది. అది లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్, 90 రోజులే ఉంటుంది, తర్వాత దానంతట అదే కొత్తది వస్తుంది. జులై 7న వచ్చింది అక్టోబరు 5న తీరింది. మరి కొత్తది ఎందుకు రాలేదు? కొత్తది ఇచ్చే ముందు వాళ్లు పాత పేరు మీద, చుక్కతో మొదలయ్యే వెల్‌నోన్ అనే ఫోల్డరులో ఒక చిన్న ఫైలు ఉందో లేదో చూస్తారు. ఆ ఫైలు పాత ఫోల్డరులోనే ఉండింది. కానీ "ఏ చిరునామా వచ్చినా కొత్త పేరుకు పంపు" అని మేము రాసిన రూలు, చూడటానికి వచ్చినవాళ్లను కూడా కొత్త పేరుకు పంపేసింది. అక్కడ ఆ ఫైలు లేదు. సెప్టెంబరు నుంచి ఎన్నిసార్లు వచ్చి వెనక్కి పోయినారో. మళ్లింపు రూలు సరిగ్గానే ఉంది, కానీ సర్టిఫికెట్ చెల్లకపోతే బ్రౌజరు ఆ రూలు దాకా రానే రాదు, వాకిట్లోనే ఆపేస్తుంది.

ఆ ఫోల్డరు ఒక్కదాన్ని వదిలిపెట్టి తక్కినవన్నీ మళ్లించమని రూలుకు పైన ఒక వరస చేర్చినాడు మా వాడు, ఆఫీసు మధ్యలో బయటికొచ్చి. గంటలోపల కొత్త సర్టిఫికెట్ వచ్చింది. పెద్దాయనకు ఫోన్ చేసి మళ్లీ తెరిచి చూడమన్నాను. "ఆ, వచ్చిందమ్మా, గరుడ సేవ ఎనిమిదో తేదీ కదా" అన్నాడు. ఆయన అడగకపోయి ఉంటే పండగ తొమ్మిది రోజులూ పాత లింకులతో వచ్చిన ప్రతి ఒక్కరికీ నా ఇంటి ముందు దొంగలున్నారనే బోర్డు కనపడేది. అప్పటి నుంచి నెలకోసారి, ఒకటో తేదీన, పాత లింకులు పది నొక్కి చూస్తాను. క్యాలెండరులో పాల లెక్క పక్కనే గుర్తు వేసుకుంటాను.

మళ్లింపు కనీసం ఏడాది ఉంచమంటారు. నేను నాకు ఓపిక ఉన్నన్నాళ్లు ఉంచుతాను. పాత పేరును వదిలేస్తే ఎవరైనా కొనుక్కోవచ్చు. తిరుమల, దర్శనం, గదులు అని వెతికి వచ్చే భక్తులు పదమూడేళ్లుగా నమ్మిన పేరు అది. దాని మీద ఎవరో దొంగ బుకింగ్ సైటు పెట్టి, దూరం నుంచి వచ్చే ఒక ముసలమ్మ దగ్గర డబ్బు కట్టించుకుంటే, ఆమెను అక్కడికి పంపినది నా లింకే అవుతుంది. ఏడాదికి ఆ పేరుకు కట్టేది రెండు కిలోల నెయ్యి ఖరీదు. 2025 జులైలో ఐదేళ్లకు కలిపి ఒకేసారి కట్టేసినాను.

తెగిన ఆ "వ" ను మాత్రం ఇప్పటికీ మార్చలేదు. జాతర ముందు రోజుల్లో ఆ చిరునామాకే వస్తారు అందరూ. గుడిమల్లం పేజీకి పాత పేరు మీద నుంచి రోజుకు నలుగురైదుగురు ఇంకా వస్తానే ఉన్నారు. పాపానాయుడుపేట మలుపు దగ్గర ఈ మధ్య దారి కొంచెం మారిందని విని, మొన్న ఆదివారం బస్సెక్కి పోయి చూసొచ్చి, ఆ పేజీలో రెండు వాక్యాలు దిద్దినాను.